ఇప్పపూల మేళం

చెట్లకు చెవులున్న కాలంలో, ఒక అడవిలో గోరింక పాడేది, తుమ్మెద శ్రుతి పట్టేది, వడ్రంగిపిట్ట మాను మీద తాళం వేసేది. ఆ మేళం వినడానికి జింకలు మేత మరిచి వచ్చేవి.

గోరింక పులిసిన ఇప్పపూలు తిని పాడటం మొదలుపెట్టాక పాట వింత రంగులు తిరిగింది, పేరు కొండలు దాటింది. వడ్రంగిపిట్టకు మాత్రం ఆ పూల మత్తు తమ్ముణ్ణి ఎక్కడికి లాక్కుపోతుందోనని బెంగ పట్టుకుంది.

"తమ్ముడూ, ఈ పూటకు ఆ పూలు వద్దురా."

"నీ తాళమే నాకు సంకెల, అన్నా! చాలించు నీ టకటక. నన్నెగరనీ!"

మనసు నొచ్చుకున్న వడ్రంగిపిట్ట ఆనాటి సభలో మానును ముట్టలేదు. తాళం లేని పాట దారి తప్పింది. గోరింక కళ్లు బెదిరాయి.

"అన్నా, నేనెక్కడున్నాను?" అని అరిచింది.

అదీ పాటేననుకుని అడవంతా ఈలలు వేసింది. వడ్రంగిపిట్ట గబగబా మానును పొడిచింది కానీ, ఆ హోరులో దాని తాళం తమ్ముడి చెవిన పడలేదు.