జీవాల మందలో ఇద్దరు

"చావడమేంటక్కా? పిల్లలాడే ఆటలో జీవాలు చావడమేంటి?" అన్నాడు రాఘవేంద్ర, కంప్యూటర్ మీంచి కళ్ళు తిప్పకుండా.

అరుణజ్యోతి షట్టర్ సగం కిందికి లాగి, వచ్చి తన కుర్చీలో కూర్చుంది. బయట బంద్. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద బస్సుల్లేవు. కోచింగ్ సెంటర్లు మూసేశారు. ఆమె నెట్ సెంటర్‌లో ఎనిమిది సిస్టమ్‌లుంటే ఒక్కదాని ముందే మనిషి ఉన్నాడు.

"ఎవరితోని లొల్లి?" అంది.

"ఇంకెవరితో? కృష్ణతో."

"మల్ల మాట్లాడుకుంటున్నరా ఇద్దరు?"

"ఆట గురించి మాత్రమే."

రాఘవేంద్రది తెనాలి. ఇక్కడ ఒక కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెబుతాడు. కృష్ణది నల్గొండ దగ్గర పల్లె. ఇద్దరూ మూడేళ్ళు ఒకే గదిలో ఉన్నారు. వింత జంతువుల్ని పట్టి, పెంచి, పోటీకి దింపే వీడియో గేమ్ ఒకటి ఇద్దరికీ చిన్నప్పటి పిచ్చి. పన్నెండేళ్ళలో దానికి ఐదు భాగాలొచ్చాయి. గొర్రెలున్న ఇంట్లో పుట్టిన కృష్ణ దానికి జీవాలాట అని పేరు పెట్టాడు. అది ఆడే తెలుగువాళ్ళ కోసం ఇద్దరూ కలిసి నెట్‌లో 'జీవాల మంద' అనే ఫోరం తెరిచారు; ఒకరి పాస్‌వర్డ్ ఒకరికి తెలుసు. నలభై మంది దాకా చేరారు. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ముదిరాక అక్కడా ప్రాంతాల పేరుతో కొట్లాటలు మొదలై, ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. ఇప్పుడు అందులో కనిపించేవి రెండు పేర్లే.

"ఏమంటున్నడు?" అంది అరుణజ్యోతి.

కృష్ణ పేరు కింద ఉన్నది రాఘవేంద్ర పైకి చదివాడు. "పాత ఆటల జీవం ఓడితే సొమ్మసిల్లుతుండె, దవాఖానకు తీస్కపోతే లేస్తుండె. కొత్త దాంట్ల మూడుసార్లు ఓడితే మల్ల లేవది. గందుకే అందరు మొత్తుకుంటున్నరు. కని పాత ఆటల గుడ ఊరవతల సమాధుల గుట్ట ఉండె గద. గవి ఎవరియి? మనం చిన్నగుంటిమి, ఉరుక్కుంట దాటిపోయినం."

"నిజమే గద."

"కాదక్కా. పాత ఆట హాయిగా ఉండేది. బ్యాగు తగిలించుకుని ఊరూరూ తిరగడం, కొత్త జీవం దొరికితే గంతులెయ్యడం. ఈ ఏడుపంతా ఇప్పుడు తెచ్చిపెట్టారు."

"ఆటనే గట్లుండెనా? నువ్వు పిల్లగానివి గాబట్టి గట్ల అనిపిచ్చెనా?"

"వాడూ ఇదే అడిగేవాడు."

ఆమె, "నిన్న చూసిన ఆయన్ని. ఎల్బీ నగర్ చౌరస్తల వంటావార్పు కాడ. పది దినాల సంది పొద్దుందాక ఆడనే ఉంటున్నడంట. గంట నడక. పోయి ఎదురుంగ మాట్లాడరాదు?" అంది.

ఎనిమిది నెలల కిందట గదిలో టీవీ చూస్తూ రాఘవేంద్ర ఒక మాటన్నాడు. "విడిపోయి మీరేం బావుకుంటారు?" కృష్ణ టీవీ ఆపేశాడు. "మూడేండ్ల సంది నన్ను 'నువ్వు' అన్నవు. గియ్యాల 'మీరు' అయిపోయిన్నా?" అన్నాడు. తెల్లారి బ్యాగు సర్దుకుని వెళ్ళిపోయాడు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. తర్వాత ఆ నంబరే పనిచెయ్యడం మానేసింది.

పదకొండింటికి రాఘవేంద్ర లేచి నడవడం మొదలుపెట్టాడు.

చైతన్యపురి, కొత్తపేట దాటాడు. మూసిన షాపుల ముందు కుర్రాళ్ళు క్రికెట్ ఆడుతున్నారు. ఎల్బీ నగర్ చౌరస్తాలో రోడ్డుకడ్డంగా పొయ్యిలు పెట్టి వండుతున్నారు. పాటలు, డప్పులు. పెద్ద గుండిగ పక్కన కృష్ణ కనిపించాడు. గడ్డం పెంచాడు, చిక్కిపోయాడు. గరిటె తిప్పుతూ ఎవరితోనో నవ్వుతున్నాడు. ఆ నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో.

రాఘవేంద్ర ఇరవై అడుగుల దూరంలో ఆగాడు.

విస్తరాకులు పంచుతున్న పెద్దాయన ఒకటి చాచి, "దా బిడ్డా, ఇంత తిని పో. ఏ ఊరు నీది?" అన్నాడు.

నోరు తెరిస్తే మొదటి మాటకే ఊరు తెలిసిపోతుంది. ఆ పెద్దాయన ఏమీ అనకపోవచ్చు. ఆకలిగా కూడా ఉంది. అయినా రాఘవేంద్ర తల అడ్డంగా ఊపి, చేతులు జోడించాడు. అప్పుడే కృష్ణ ఇటు తిరిగాడు. పొగకు కళ్ళు నులుముకున్నాడు. మళ్ళీ గుండిగ వైపు తిరిగాడు.

చూశాడో లేదో తెలియలేదు. రాఘవేంద్ర ఇంకో పావుగంట అక్కడే నిలబడి, వచ్చిన దారినే వెనక్కి నడిచాడు.

"కలిసినవా?" అంది అరుణజ్యోతి.

"పనిలో ఉన్నాడక్కా."

"ఒక్కసారి పిలువకపోయినవా?"

"ఇక్కడ మాట్లాడుకుంటాంలే."

ఆమె అతని ముఖం చూసి, టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది.

రాఘవేంద్ర తన పేరుతో ఫోరం తెరిచి, చాలాసేపు రాస్తూ, చెరిపేస్తూ కూర్చున్నాడు. చివరికి మిగిలింది ఇది: "కృష్ణా, నువ్వే గెలిచావు. సమాధులు మొదట్నుంచీ ఉన్నాయి. నేనే చూడలేదు. ఒక్కటి చెప్పు. మూడుసార్లు ఓడితే కదా లేవనిది? ఒక్కసారే పడిపోయింది లేస్తుంది కదా?"

అది పోస్ట్ చేసి, కాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయాడు.

తర్వాత లాగౌట్ చేసి, జవాబు రాయడానికి కృష్ణ పేరుతో లాగిన్ అయ్యాడు.