కుందేళ్ల మేత

ఆ రోజు పొద్దున నేను ప్రార్థన ముగించి లేచేసరికి చెల్లి బుట్ట పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"ఇవాళ నువ్వూ రా అక్కా. నా కుందేళ్లకి ఏ ఆకు కోయాలో చూపిస్తా," అంది.

ఎన్నాళ్లకో తనంతట తాను నోరు విప్పింది. ఆ సంతోషంలో కాఫీ కూడా తాగకుండా చెప్పులేసుకున్నాను.

గోదాము వెనక ఖాళీ స్థలంలో గడ్డి మీద ఇంకా తడి ఆరలేదు. గరిక చూపించింది, గడ్డిచామంతి చూపించింది. "దుమ్ము పట్టింది వద్దు. కడిగి, ఆరాకే పెట్టు. ముసలి కుందేలుకి కాడలు పెట్టకు, నమల్లేదు."

నేను వేరే ఆకేదో కోస్తే నవ్వింది. "దణ్ణం పెట్టుకోవడం తప్ప నీకేమీ రాదక్కా."

"నువ్వున్నావుగా, నాకెందుకే ఇదంతా?" అన్నాను.

గోడ వారగా ఉన్న ఉమ్మెత్త మొక్క చూపించి, "ఇది మాత్రం ముట్టుకోకు, విషం," అంది. నన్ను ముందు నడవమని తను కాసేపు అక్కడే ఆగింది.

ఇంటికొచ్చి వంగి ఆకులు ఆరబోస్తుంటే తన కొంగుముడి జారింది. ఉమ్మెత్త కాయలు నేల మీద దొర్లాయి.

కాయలు తీసి మురుగులో పారేసి, సాయంత్రం దాకా తన చెయ్యి పట్టుకునే కూర్చున్నాను.

తమ్ముడు పని నుంచి వచ్చాక అమ్మా, వాడూ, నేనూ మాట్లాడుకున్నాం. రేపే చెల్లిని డాక్టరుకి చూపించాలి. రాత్రుళ్లు తను నా గదిలోనే పడుకోవాలి. కుందేళ్లకి ఏ ఆకు కోయాలో మాత్రం ఈ ఇంట్లో ఇంకెవరూ నేర్చుకోకూడదు; ఆ పనికి తనే ఉండాలి.