ముందు సీటు

"ఈ అంబాసిడర్ యాడన్నా గుద్దుకొనిందాప్పా?" కొనడానికొచ్చిన పుష్పవతి వెనక సీట్లోంచి మూడోసారి అడిగింది.

"ఒక్క గీత కూడా పడలేదమ్మా. రెండేండ్లు కూర్చొని, నా చేత్తోనే కొత్తదాన్ని చేసినాను," అన్నాడు తిమ్మరాయప్ప, బండి నడుపుతూనే.

"వింటివి కదా, ఇంక ఊరుకో," అన్నాడు ఆమె పక్కనే కూర్చున్న భర్త జగన్నాథ్.

మూకండపల్లి మలుపులో మేక ఒకటి అడ్డం వచ్చింది. తిమ్మరాయప్ప బ్రేకు తొక్కాడు. బండి ఉన్నచోటే ఆగింది.

"బ్రేకు బాగుంది," జగన్నాథ్ తృప్తిపడ్డాడు.

పుష్పవతి మాత్రం ముందు సీటునే చూస్తోంది. "ఆడ ఎవరూ లేరు కదప్పా, ఎవర్ని పట్టుకొంటివి?"

అప్పుడు చూసుకున్నాడు తిమ్మరాయప్ప. తన ఎడమ చెయ్యి ఖాళీ సీటుకు అడ్డంగా చాచి ఉంది. వెనక్కి తీసుకోబోయాడు. చెయ్యి కదల్లేదు.

"నా పెండ్లాన్నమ్మా," అన్నాడు. "గుద్దుకొనిన ఆ పొద్దు నా చెయ్యి అందలేదు."