గిన్నె దాటిన బంతి

పెద్ద డాక్టరుగారు గదిలోకి రాగానే ఆరుగురు జూనియర్లూ లేచి నిలబడ్డారు. ఆయన కూర్చోమనేదాకా కూర్చోకూడదు. ఆయన ఒక పట్టాన కూర్చోమనరు.

పిల్లల తుంటి ఎముకల వైద్యంలో ఆయన్ని మించినవాడు లేడని పేరు. ఆ మాట ఎక్కువసార్లు అన్నది ఆయనే. ఓపీ రోజూ రోగులతో కాకుండా గొప్పలతో మొదలవుతుంది. ఆ రోజు ముందుగా కొత్త కారు సంగతి చెప్పారు. తరవాత, మొన్నటి సదస్సులో తన ఉపన్యాసానికి ఎంతమంది లేచి చప్పట్లు కొట్టారో చెప్పారు. ఆ తరవాత మనవరాలి వంతు వచ్చింది.

"మా మహారాణి నడక చూసి తీరాలయ్యా! బొజ్జ ముందుకు, భుజాలు వెనక్కి. ఊగుతూ వస్తుంటే దారి వదలాల్సిందే. ఆ దర్జా అంతా నా పోలికే!" అంటూ అలాగే నాలుగడుగులు నడిచి చూపించారు. జూనియర్లు నవ్వారు. నవ్వకపోతే మార్కులు పోతాయి.

ఇంతలో ఆయన ఫోను మోగింది. చూసి కట్ చేశారు.

"మా కోడలు. ఇంట్లో చెప్పింది చాలక ఇక్కడికి కూడా. నాలుగు ముక్కలు చదివితే చాలు, మనకే పాఠాలు చెబుతారు."

మొదటి రోగి నాలుగేళ్ళ పాప. ఒక కాలు కురచ. అడుగు తీసి అడుగు వేస్తే ఒక పక్కకి పడిపోతున్నట్టుంది. తల్లి బట్టలు కుట్టి బతికే మనిషి.

"నాలుగేళ్ళు ఏం చేస్తున్నావమ్మా? సూదిలో దారం ఎక్కించే కళ్ళకి పిల్ల కుంటడం కనబడలేదా?"

"నడక రాగానే మా ఊరి డాక్టరుగారికి చూపించానండీ. పెద్దయితే అదే సర్దుకుంటుందన్నారు."

"వాడన్నాడు, నువ్వు విన్నావు! అప్పుడే తెస్తే కట్టుతో పోయేది. ఇప్పుడు కత్తి పెట్టాలి. ఎముక కోసి తిప్పాలి. అప్పటికీ నడక పూర్తిగా చక్కబడుతుందని నేను హామీ ఇవ్వను."

ఆమె ఏడుపు ఆపుకుంటూ పిల్లని ఎత్తుకుని బయటికి వెళ్ళింది. చీవాట్లు పెట్టడంలో కూడా పెద్ద డాక్టరుగారిని మించినవాడు లేడు.

ఆమె వెనకాలే పిండికట్టు మేస్త్రి లోపలికి వచ్చాడు. ముప్ఫై ఏళ్ళుగా ఆ ఆసుపత్రిలో పిల్లల కాళ్ళకి పిండికట్లు వేస్తున్న మనిషి. ఎంత కడిగినా గోళ్ళ సందుల్లో తెల్లపొడి పోదు. ఒక ఎక్స్‌రే అందించాడు. పేరుండే మూల మీద టేపు అంటించి ఉంది.

"ఎవరిదోయ్ ఇది?"

"తెలిసినవాళ్ళ పాపదండీ. పదహారు నెలలు. పేరు ఇప్పుడే బయటపెట్టొద్దన్నారు."

"పరువా! పిల్ల కాళ్ళకంటే అదే ఎక్కువైందన్నమాట."

ఎక్స్‌రేని లైటు పెట్టెకి తగిలించి, జూనియర్లని దగ్గరికి పిలిచారు.

"చూడండి. తొడ ఎముక తల బంతి. తుంటిలో ఉన్నది గిన్నె. బంతి గిన్నెలో కూర్చోవాలి. ఇక్కడ గిన్నె దాటి పైకెక్కి కూర్చుంది. పుట్టుకతో వచ్చిందే. అదీ రెండు వైపులా. ఒక వైపే అయితే పిల్ల కుంటుంది, ఎవడైనా పోల్చుకుంటాడు. రెండు వైపులా అయితే కాళ్ళు సమానంగా ఉంటాయి. ఇంట్లో వెధవలు చూసి మురిసిపోతుంటారు."

జూనియర్లు రాసుకున్నారు. కంగారులో ఒకడు 'వెధవలు' అన్న మాట కూడా రాసేసుకున్నాడు.

"తల్లికి అనుమానం వచ్చిందండీ," అన్నాడు మేస్త్రి. "నెల్లాళ్ళుగా మొత్తుకుంటోందట. ఇంటి పెద్దాయన కొట్టిపారేస్తున్నారట."

"ఏం వెలగబెడుతుంటాడు ఆ పెద్దాయన?"

"పెద్ద ఉద్యోగమేనండీ. పేరున్న మనిషి."

"అదీ సంగతి! కళ్ళు నెత్తికెక్కితే కాళ్ళ దగ్గర తిరిగే పిల్ల ఎక్కడ కనబడుతుంది? వాణ్ణి తీసుకొచ్చి ఈ స్టూలు మీద కూర్చోబెట్టి నలుగురిలో కడిగిపారెయ్యాలి."

మేస్త్రి తల వంచుకున్నాడు. "మీరు రాసిస్తే ఇక ఎవరూ కాదనలేరండీ. ఇంకో రెండు నెలలు పోయిందంటే..."

"నాకు చెబుతావేంటి? పద్దెనిమిది నెలలు దాటితే ఈ పిల్లకీ కత్తి తప్పకపోవచ్చు. ఇప్పుడైతే మత్తిచ్చి, చేత్తో బంతిని గిన్నెలోకి జార్చి, నడుము నుంచి పిండికట్టు వేస్తే సరిపోతుంది. కొన్ని నెలలు ఓపిక పట్టాలి. ఆ తరవాత పరుగులు పెడుతుంది."

చీటీ రాశారు. రేపు ఉదయమే చేర్చుకోవాలి. కింద సంతకం పెట్టి ముద్ర కూడా వేశారు. అయినా కసి తీరలేదు. ఎర్ర పెన్ను తీసుకుని 'ఇంటి పెద్ద మూర్ఖత్వం వల్ల ఆలస్యమైంది' అని జతచేసి, జూనియర్లకి చదివి వినిపించారు. ఆరుగురూ తలలూపారు.

"ఆ ముసలాడు అడ్డొస్తే నా పేరు చెప్పు."

"అలాగేనండీ."

మేస్త్రి చీటీని నాలుగు మడతలు పెట్టి జేబులో భద్రంగా దాచుకున్నాడు. చేతులు ఒకసారి చొక్కాకి తుడుచుకుని తలుపు తీశాడు.

"తీసుకు రామ్మా."

తల్లి చెయ్యి విడిపించుకుని, బొజ్జ ముందుకేసి ఊగుతూ లోపలికొచ్చిన ఆ రోగి, పెద్ద డాక్టరుగారిని చూడగానే చేతులు చాచి "తాతా!" అంది.