మెరిసే కాలరు

గున్నమ్మ కౌంటరు మీద పెట్టిన పాస్‌పోర్ట్ సైజు ఫొటో అంచులు నీళ్లకి నాని ఉబ్బిపోయాయి.

"తిత్లీ తుఫానుకి ఇల్లెగిరిపోనాది బాబూ. పెళ్లి ఆల్బం కూడా పోనాది. ఇదొక్కటే దొరికింది," అంది. "పెద్దది సెయ్యాల. గోడకి పెట్టుకునేటంత."

సోంపేట బజారులో ధనరాజ్‌ది ఇరుకైన స్టూడియో. పెళ్లి ఫొటోల కంటే దండ వేసే ఫొటోల పనే అతనికి ఎక్కువ. ఉద్దానం ఊళ్ల నుంచి వస్తూనే ఉంటారు. మొదట్లో "ఏమైందమ్మా?" అని అడిగేవాడు. అందరూ కిడ్నీలు పాడయ్యాయనే చెప్పేవారు. ఇప్పుడు అడగడు. ఫొటో తీసుకుంటాడు, స్కానర్ మూత తెరుస్తాడు.

గున్నమ్మ వెంట వచ్చినాయన గోడవార స్టూలు మీద కూర్చున్నాడు. ముఖం నల్లబడి వాచి ఉంది. ఎండలో నడిచొచ్చినందుకేమో ఆయాసపడుతున్నాడు. ఫొటోలో కుర్రాడికి నిండు బుగ్గలు, ఒత్తు జుట్టు. ముక్కు దగ్గర మాత్రం ఇద్దరికీ పోలిక ఉంది. చనిపోయినాయనకి అన్న కాబోలు అనుకున్నాడు ధనరాజ్.

టీ తెప్పించాడు. ఆయన గ్లాసు అందుకుని పెదాలు తడుపుకుని, మిగిలింది గున్నమ్మకి ఇచ్చేశాడు. ఆమె తాగింది.

"బట్టలు ఇవే ఉంచమంటారా?"

"గళ్ల సొక్కా వద్దు బాబూ," అన్నాడు స్టూలు మీదాయన. "కోటెయ్యాల. పిల్ల అనిత ఇప్పుడు ఇంటరు సదువుతన్నాది. ఎప్పుడో ఒకనాడు పెళ్లవుతాది గదా. అప్పుడీ ఫొటో స్టేజీ మీద పెడతారు. వొచ్చినోలంతా కోట్లేసుకుని నిలబడితే తండ్రి గళ్ల సొక్కాతో ఉంటే ఏటి బాగుంటాది?"

ధనరాజ్ కంప్యూటర్‌లో కోట్ల ఫోల్డర్ తెరిచాడు. బూడిద రంగుది, నీలంది, గోధుమ రంగుది. అన్నిటిలోనూ తల ఉండదు. మెడ దాకా మనిషి ఉంటాడు, పైన తెల్లటి ఖాళీ.

"అదుగో, ఆ నల్లది. కాలరు మెరుస్తన్నాది, సూడు."

"అది టక్సీడో అండి. ఆ మెరుపు శాటిన్ గుడ్డది. పెద్ద పెద్ద ఫంక్షన్లకి వేస్తారు."

"దానికి ఎర్ర టై కట్టు."

"దీనికి పొడుగు టై కట్టకూడదండి. సీతాకోకచిలుకలా ఉండే బో టైయే. బరంపురం పార్టీ ఒకాయనకి పొడుగు టై పెడితే ఫొటో నా ముందే పడేసి వెళ్లిపోయాడు. అప్పట్నుంచి నేర్చుకున్నాను."

"ఆయనకి ఎరుపు నచ్చదు. నల్లదే ఎయ్యి," అంది గున్నమ్మ.

మొగుడు పోయిన కొత్తల్లో ఆడవాళ్లు అలాగే మాట్లాడతారు. నచ్చదు, తినడు, ఒప్పుకోడు. ధనరాజ్‌కి అది అలవాటే. ఆమె నుదుట బొట్టూ చూశాడు. ఈ రోజుల్లో అందరూ తీసేయడం లేదు. తల తిప్పి నల్ల బో టై తెచ్చి మెడ కింద అతికించాడు.

"మరీ తిన్నగా ఉన్నాది," అన్నాడు స్టూలు మీదాయన. "సేత్తో కట్టినట్టు కొంచెం వొంకరగా పెట్టు."

ధనరాజ్ పెట్టాడు. చొక్కా ముందు నల్ల గుండీలు వరసగా దిద్దాడు. జేబులో తెల్ల రుమాలు మడత పెట్టాడు.

"నడుముకి నల్ల సిల్కు పట్టీ కూడా ఉంటుందండి, బెల్టు బదులు. ఇందులో కనబడదు. నడుము దాకా ఉన్న బొమ్మ తీసుకుంటే కనబడుతుంది. దాంట్లో చేతులు కూడా వస్తాయి. చొక్కా చేతికి బంగారు గుండీలు పెడతాను, కఫ్‌లింకులు. దర్జాగా ఉంటుంది."

ఆయన తన ఎడమ చేతి వైపు చూసుకున్నాడు. మోచేతి కింద, సూదులు గుచ్చిన చోట ప్లాస్టరు అంటించి ఉంది. దాని మీదికి చొక్కా చెయ్యి లాక్కున్నాడు.

"సేతులు వద్దులే," అన్నాడు.

గున్నమ్మ కొంగు అంచు మడత పెట్టి, విప్పి, మళ్లీ మడత పెట్టింది.

ధనరాజ్ ముఖం కత్తిరించి కోటు మీదికి తెచ్చాడు. మెడ రంగు కలిపాడు. నిండు బుగ్గల కుర్రాడు నల్ల కోటులో, వంకర బో టైతో, ఏదో పెద్ద విందుకి బయల్దేరినట్టు నిలబడ్డాడు.

స్టూలు మీదాయన లేచి దగ్గరికి వచ్చాడు. బల్ల పట్టుకుని నిలబడి చాలాసేపు చూశాడు.

"ఈ వొల్లు ఎవులిది బాబూ?"

"ఎవరో మోడల్‌దండి. ముఖం ఒక్కటే మనది."

"బాగున్నాది. గట్టి వొల్లు," అన్నాడు. నవ్వలేదు. "అనిత సూత్తే గుర్తు పడతాదా?"

"పడతాది," అంది గున్నమ్మ, తెర వైపు చూడకుండా.

ఫ్యాను తిరుగుతోంది. బయట ఆటోవాడు కంచిలి, కంచిలి అని అరుస్తున్నాడు. ధనరాజ్ ఫొటో కింద నల్ల పట్టీ గీసి, అక్షరాలు కొట్టడానికి సిద్ధమయ్యాడు.

"పేరు?"

గున్నమ్మ పక్కకి చూసింది.

"ఎర్రన్న," అన్నాడాయన.

ధనరాజ్ కొట్టాడు. "పుట్టిన సంవత్సరం?"

"డెబ్బై ఎనిమిది."

అదీ కొట్టాడు. పక్కన చిన్న గీత పెట్టాడు.

"పోయిన తేదీ?"

"అది ఖాళీగా ఒగ్గీ బాబూ," అన్నాడాయన, "నాను పోయినాక గున్నమ్మ వొచ్చి రాయించుకుంటాది."