పాట ఆపేశాక

అమెరికాలోని క్యారీలో చలికాలం, సాయంత్రానికే చిమ్మచీకటి. డాన్స్ క్లాసు నుంచి ఐదేళ్ల కూతురు హంసికను తీసుకుని మృదుల ఇంటికి డ్రైవ్ చేస్తోంది. దారికి అటూ ఇటూ పైన్ చెట్లే. వింటే వణుకొస్తుందని ఆఫీసులో ఎవరో పంపిన జపనీస్ జోలపాట పెట్టింది. ఎవరో ముసలామె ఒక్కో ముక్క పాడి, చాలాసేపు ఆగుతోంది.

ఆగినప్పుడల్లా వెనక సీటులోంచి హంసిక "ఊ" అంటోంది. పడుకునే ముందు కథలు చెబుతూ ఊ కొట్టడం నేర్పింది మృదులే. మొదట నవ్వొచ్చింది. కాసేపటికి ఆ ముసలామె గొంతు భరించలేక పాట ఆపేసింది.

టైర్ల చప్పుడు మాత్రం మిగిలింది.

"ఊ" అంది హంసిక.

మృదుల అద్దంలో చూసింది. పిల్ల పక్కనున్న ఖాళీ సీటు వైపు తిరిగి శ్రద్ధగా వింటోంది.

"పాట ఆపేశాను కదరా. ఎవరికి ఊ కొడుతున్నావ్?"

"సాంగ్ అయిపోయింది అమ్మా. ఇప్పుడు ఆ బామ్మ స్టోరీ చెప్తోంది." హంసిక ఆవలించింది. "నాకు స్లీప్ వస్తోంది. ఇంక నువ్వు ఊ కొట్టు. కొట్టకపోతే ముందుకు వస్తుందంట."

పిల్ల కళ్లు మూసుకుంది. కారులో ఏ గొంతూ లేదు. పాటలో ముసలామె ఆగినంతసేపూ నిశ్శబ్దం. ఆపైన ఇంకాస్త.

వెనక ఖాళీ సీటు బెల్టు క్లిక్‌మని ఊడింది.

"ఊ" అంది మృదుల.