మూడు రోజుల అతిథి

"ఆ వాలు మీదికి మేకల్ని రానివ్వకు, తల్లీ" అన్నాడు ముసలాయన.

ఫదియా కర్ర నేలకి తాటించి నిలబడింది. ఆ ఏడు సినాయ్ కొండల మీద మంచు పడలేదు. మేకల డొక్కలు వీపుకి అంటుకుపోయాయి. కంటికి పచ్చగా కనిపిస్తున్నవి ఆ వాలు మీది కొండవాము పొదలే.

"ఏం? వాలు తమరి తాతగారిదా?"

"ఇలా వచ్చి చూడు."

వంగి చూసింది. పూత మీద నీలం రంగు సీతాకోక. బొటనవేలి గోరంత కూడా లేదు.

"పుట్టేదీ, తినేదీ, గుడ్లు పెట్టేదీ ఈ పొద మీదే. దీని పురుగుల్ని చీమలు కాపలా కాస్తాయి. ఈ కొండల్లో తప్ప లోకంలో మరెక్కడా లేదిది."

"నా మేకలు మాత్రం ఇంకెక్కడున్నాయి? పాపం, వీటికి చీమలు కూడా లేవు. నేనే దిక్కు."

ముసలాయన నవ్వుతూ ఒంటె మీంచి బార్లీ మూట దించాడు.

"నా ఒంటెకి ఇది పడటం లేదు. నీ మేకలు తింటాయేమో చూడు."

బార్లీ పడని ఒంటె గురించి ఫదియా పుట్టి బుద్ధెరిగాక వినలేదు. అయినా మూట విప్పింది.

ఆ పూట ఆయన ఆమె పొయ్యి దగ్గర రొట్టె తిని అతిథి అయ్యాడు. అతిథిని మూడు రోజులు నిండేదాకా పేరూ ఊరూ అడగకూడదు. అడిగితే ఆ ఇంటి పరువు పోయినట్టే.

మూడో రోజు సాయంత్రం ఆయన కొండ దిగి వెళ్లిపోయాడు. వారం తిరక్కుండా మరో మూటతో వచ్చాడు. మళ్లీ కొత్త అతిథే.

పూత కాలమంతా అంతే. ఆ తర్వాత ప్రతి ఏడూ అంతే.

"నాలుగో రోజు ఉంటే కొండ విరిగి మీద పడుతుందా?" అని ఎత్తిపొడిచేది ఫదియా. "పేరు తెలీక పిల్లలు మిమ్మల్ని పురుగుల తాత అంటున్నారు."

"మంచి పేరే పెట్టారు."

"ఈ సీతాకోకలు పక్కనున్న ఎర్రలోయలో కూడా ఉండేవి" అన్నాడోసారి.

"మీకెలా తెలుసు?"

"ఇంకా మూడు రోజులు కాలేదమ్మా."

టీలో కొండవాము వేయబోతే గ్లాసు మీద చెయ్యి అడ్డం పెట్టేవాడు.

"రెండు రెమ్మలు తుంపితే మీ పురుగులు చస్తాయా?"

"రెండు రెమ్మలతోనే మొదలవుతుంది."

ఆ మాటకి ఫదియా పాత కడుపుమంట భగ్గుమనేది.

"నా చిన్నతనంలో ఎర్రలోయ నిండా కొండవామే. తూర్ పట్నం నుంచి హమ్దాన్ అని ఒక మూలికల వ్యాపారి వచ్చాడు. వేళ్లతో సహా పీకి ఒంటెల మీద వేసుకుపోయాడు. మా మేకలన్నీ మాడి చచ్చాయి. ఆ దిగులుతోనే మా అమ్మ పోయింది. వాడి చేతులు పడిపోను. వాడు చస్తే చేతులెత్తి దేవుడికి దువా చేసే దిక్కు లేకుండా పోను."

"ఆమీన్" అనేవాడు ముసలాయన, టీ గ్లాసులోకి చూస్తూ.

ఆమెకి ప్రాణం లేచొచ్చేది. ఆ శాపం విని విని ఇంట్లోవాళ్లే విసుక్కునేవారు. ఆయన ఒక్కనాడూ విసుక్కోలేదు, ఒక్కసారీ ఆమీన్ మానలేదు.

ఒక ఏడు పూత వచ్చింది గాని ముసలాయన రాలేదు.

మేకలు వాలు మీదికే ఎగబడ్డాయి. ఫదియా అడ్డం నిలబడి అదిలించింది.

"నీకూ పురుగుల పిచ్చి పట్టిందా?" అంది తోడికోడలు. "మందకి పస్తులు పెడతావా?"

"రేపు ఆయనొచ్చి అడిగితే ఏ మొహం పెట్టుకోను?"

ఆయన కూర్చునే రాయి మీద తను కూర్చుంది. నీలం సీతాకోకలు లేచాయి. అదిగో అని చూపించేవాడు లేక ఆమెకి బెంగగా ఉంది.

చివరికి ఆ ఒంటె కనిపించింది. దాన్ని నడిపించుకొస్తున్నది ఒక నడివయసు ఆడమనిషి.

"నాన్న చలికాలంలో పోయారు పిన్నీ. బార్లీ మాత్రం ఆపొద్దన్నారు."

ఫదియా బావురుమంది. సొంత తమ్ముడు పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు.

కాసేపటికి ముసుగు చెంగుతో కళ్లు తుడుచుకుంది.

"బార్లీ తెచ్చినా తేకున్నా ఈ వాలు నేను చూసుకుంటాను తల్లీ, ఒట్టు. పోయినవాళ్లకి మూడు రోజుల మర్యాద లేదుగా, ఇప్పుడైనా పేరు చెప్పు. దువా చేసుకుంటాను."

కూతురు మూట ముడి మళ్లీ బిగించింది.

"మీరు అడిగితేనే చెప్పమన్నారు" అంది.

ఫదియా అప్పటికే దువాకి రెండు చేతులూ ఎత్తి ఉంది.

"హమ్దాన్, పిన్నీ. తూర్‌లో మూలికల హమ్దాన్."